నాయన వాటా

జ్యోతిర్మయి అనే ఆ హైదరాబాదు ప్రొఫెసరమ్మ ఊళ్ళో అడుగుపెట్టకపోతే యలమంద ఇంట్లో ఈ గొడవే లేదు. ఈ మాట అతను టీ బంకు దగ్గర చెప్పాడు, పురుగుమందుల కొట్లో చెప్పాడు, వినుకొండ బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా చెప్పాడు. "మంచిగానే మాట్లాడుద్దండీ. చిన్నా పెద్దా అందర్నీ గారూ అనే పిలుద్ది. కొంప మాత్రం నిలువునా కూల్చిపోయింది" అనేవాడు. విన్నవాళ్ళు తల ఊపేవాళ్ళు గానీ, ఆవిడ ఏం చేసిందయ్యా అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పటం అతనికి చేతనయ్యేది కాదు. అదే ఇంకా మంట.

ఆవిడ చదువు ముసలితనం మీద. మనుషులు పని మానుకున్నాక సుఖపడుతున్నారా, కుంగిపోతున్నారా అని ఊరూరా తిరిగి, యాభై దాటినవాళ్ళని కూర్చోబెట్టి అడిగి, అదంతా లెక్కలు కడుతుంది. ఆర్థికశాస్త్రమట. ఆర్థికమంటే డబ్బు సంగతి అనుకున్నాడు యలమంద. ఏడో తరగతిలో బడి మాన్పించి అరక వెనక నిలబెడితే మనిషికి అంతకన్నా ఏం తెలుస్తుంది? ముసలాళ్ళ సుఖానికీ డబ్బు లెక్కలకీ ఏం సంబంధమో అతనికి అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

అసలు సంగతి పొలంలో ఉంది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పెద్దమనుషులు పొలాన్ని మూడు వాటాలు వేశారు. యలమందకొకటి, తమ్ముడు వీరాంజనేయులుకొకటి, మూడోది నాయన బాపయ్యకి. ముసలాళ్ళ వాటా ఎవరు చేసుకుంటే వాళ్ళే ముసలాళ్ళకి కూడు పెట్టాలి. కడదాకా కూడు పెట్టినవాడికే ఆ వాటా దక్కాలి. దానికి కాగితం ఉండదు, సాక్షి సంతకం ఉండదు. ఊళ్ళో అందరికీ తెలిసిన కట్టుబాటు, అంతే. తమ్ముడు నరసరావుపేటలో ఎరువుల కొట్టు పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాయన యలమంద వసారాలోకి వచ్చాడు, నాయన వాటా యలమంద సేద్యంలోకి వచ్చింది.

బోరు ఉన్నది ఆ వాటాలోనే. ఆ నీళ్ళ మీదే పక్కనున్న తన చేనుకి కూడా తడి పెట్టుకుని యలమంద మిరప వేస్తున్నాడు. ఆ పొలం చెక్క చేయి జారితే వానదేవుడి మొహం చూస్తూ పత్తి పెట్టుకోవాల్సిందే. అందుకని నాయనకి కూడు పెట్టే విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా జాగ్రత్తపడేవాడు. ప్రేమ లేదని కాదు. ప్రేమా అవసరమూ రెండూ ఒకే కంచంలో ఉన్నప్పుడు ఏది ఏదో ఎవరికి తెలుసు?

బాపయ్య పని మానింది కూడా ఆ జాగ్రత్తలోనే. ఒక శ్రావణంలో ఆయన అచ్చు తోలుతున్నాడు. మిరప మొక్క నాటబోయే ముందు ఎడ్లకి అచ్చు కట్టి చేనంతా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి గీతలు తీస్తారు. గీతలు కలిసిన చోటల్లా ఒక మొక్క. ఆ పని బాపయ్యకి ప్రాణం. దారిన పోయే అంకమ్మరావు చూసి, "ఇంత గుండ్రాయిలాంటి కొడుకుండి కూడా పెద్దాయన చేతే తోలిస్తున్నారే!" అన్నాడు. ఆ మాట యలమంద చెవిన పడింది. గబగబా చేలోకి దిగి నాయన చేతుల్లోంచి పగ్గం లాక్కున్నాడు. "ఇక నువ్వు చేలో కాలు పెట్టటానికి వీల్లేదు నాయనా. నా పరువు తీస్తున్నావు" అన్నాడు. ఆ ఏడే ఎడ్లనమ్మేసి ట్రాక్టరు కిరాయికి పెట్టాడు. బాపయ్య వసారాలో నవారు మంచం మీద కూర్చున్నాడు. ఊరంతా మెచ్చుకుంది. కొడుకంటే అట్టా ఉండాలన్నారు.

జ్యోతిర్మయి మొదటిసారి వచ్చినప్పుడు బాపయ్య ఆ మంచం మీదే ఉన్నాడు. ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి. నేత చీర, చేతిలో ట్యాబు.

"యలమందగారూ, ఏమీ అనుకోకండి, తాతగారితో ఒక్కరితోనే మాట్లాడాలి. మా పద్ధతి అది" అంది.

ఏమీ అనుకోనట్టు మొహం పెట్టి యలమంద వెళ్ళి కుడితి తొట్టి పక్కన నిలబడ్డాడు. చెవులు మాత్రం వసారాలోనే ఉన్నాయి.

కళ్ళు ఎట్టా ఉన్నాయి, మోకాళ్ళు ఎట్టా ఉన్నాయి అని అడిగింది. తర్వాత, "తాతగారూ, మీరు పని ఎప్పుడు మానేశారు?" అంది.

యలమంద తొంగి చూశాడు. నాయన ఆవిడ వంక వింతగా చూస్తున్నాడు, ఎవరిదో చావు కబురు తెచ్చినట్టు.

"మానేశానా?" అన్నాడు బాపయ్య. "రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటానే ఉన్నా అమ్మాయ్. ఈ ఎండలు తగ్గాక పోదామనుకున్నా. అయితే మానేసినట్టేనంటావా?"

"మీరే చెప్పాలి తాతగారూ."

"మానేసినట్టే ఉంది" అన్నాడు ముసలాయన మెల్లగా. మంచం పట్టె మీద ఆయన వేళ్ళు కదలటం మొదలుపెట్టాయి. ఆ రోజు నుంచి ఆ వేళ్ళు మళ్ళీ ఊరుకోలేదు.

ఆఖర్న ఆవిడ ట్యాబులో నిచ్చెన బొమ్మ చూపించింది. పది మెట్లు. పై మెట్టు అంటే ఇంతకన్నా మంచి బతుకు లేదని, అడుగున అంటే ఇంతకన్నా చెడ్డది లేదని. మీరు ఏ మెట్టు మీద ఉన్నారనుకుంటున్నారు అని అడిగింది. బాపయ్య చూపుడు వేలు పైకి పోయి, అక్కడ ఆడి, కిందికి దిగి మూడో మెట్టు మీద ఆగింది.

తొట్టి దగ్గర యలమందకి ఒళ్ళు మండిపోయింది. మూడా? పూటపూటా నెయ్యి, వేళకి బీపీ బిళ్ళ, వసారాలో టీవీ, అన్నీ అమర్చిపెడితే పదికి మూడా? అది నాయన బతుక్కి వేసుకున్న లెక్క అని అతనికి తట్టనే లేదు. కొడుకుగా తనకి వేసిన మార్కులనుకున్నాడు. ఏడో తరగతిలో లెక్కల పంతులు కూడా అతనికి అంత తక్కువ ఎప్పుడూ వేయలేదు.

"ఊళ్ళోకి తెలిస్తే ఏమన్నా ఉందా?" అన్నాడు భార్య రాజ్యంతో.

"నెయ్యి మానేసినా ఆ మూడు వచ్చేదేగా. అనవసరంగా పోశాం" అంది రాజ్యం పొయ్యి ముందు నుంచి లేవకుండానే.

వెళుతూ వెళుతూ ఆవిడ, వచ్చే ఏడు మళ్ళీ ఇదే మనుషుల్ని ఇవే ప్రశ్నలు అడుగుతామని చెప్పింది. యలమంద దాన్ని సప్లిమెంటరీ పరీక్ష కింద తీసుకున్నాడు. వసారాకి కూలరు తెచ్చాడు. ఆదివారం ఆదివారం మటన్ తెచ్చాడు. మటన్ నమలలేకపోతున్నాడని గుంటూరు తీసుకెళ్ళి పళ్ళు కట్టించాడు. కోటప్పకొండ తిప్పుకొచ్చాడు. మధ్యమధ్యలో ఆగలేక అడిగేవాడు.

"ఏం నాయనా, ఇప్పుడెంత?"

"ఏంది ఎంత?"

"అదే. మెట్టు."

"మూడేరా. ఈ పళ్ళు తీసేస్తే నాలుగవుద్దేమో."

ముసలాయన గేటు దాకా పోయేవాడు, తిరిగొచ్చేవాడు, మళ్ళీ పోయేవాడు. రోడ్డున ట్రాక్టరు వెళితే ఎవరిదని అడిగేవాడు. మబ్బు పడితే లేచి నిలబడేవాడు. యలమందకీ కాలు నిలిచేది కాదు. చేలో ఉంటే ఇల్లు గుర్తొచ్చేది, ఇంట్లో ఉంటే ఆ వేళ్ళు మంచం పట్టె మీద కొట్టే చప్పుడు భరించలేక బండి తీసుకుని ఎటో పోయేవాడు. తండ్రీ కొడుకులిద్దరికీ కాళ్ళ కింద నిప్పులు పోసినట్టే ఉంది, రాజ్యం మాటల్లో చెప్పాలంటే.

రెండో ఏడు జ్యోతిర్మయి వచ్చింది, నిచ్చెన చూపించింది. ముసలాయన వేలు ఈసారి పైకి పోనే లేదు. రెండు మీద పెట్టి తీసేశాడు.

యలమంద ఆవిడ కారుకి అడ్డం నిలబడ్డాడు. "మేడమ్, ఒక్క మాట చెప్పి కదలండి. ఏం పెడితే ఈ మెట్టు పెరుగుద్ది?"

ఆవిడ నవ్వలేదు. కారు దిగింది. టీ బంకు దగ్గర నిలబడి తనకి తెలిసింది చెప్పింది. ఆఫీసులో రిటైరయ్యేవాళ్ళకి ఆ తేదీ ముందే తెలుసు, దానికి సిద్ధపడతారు, చాలామంది కుదుటపడతారు కూడా. పొలం పనిలో అట్లాంటి తేదీ లేదు. ఒంట్లో శక్తి చాలక తానై ఆపుకున్నవాళ్ళు ఒక రకం. శక్తి ఉండగా ఇంకొకరు ఆపేసినవాళ్ళు ఇంకో రకం. ఇన్ని ఊళ్ళు తిరిగితే ఈ రెండో రకం వాళ్ళే ఎక్కువ కుంగిపోతున్నట్టు కనపడుతోంది. పని పోవటం కన్నా, పని విషయంలో వాళ్ళ మాట చెల్లకుండా పోవటం వాళ్ళని బాధిస్తోందేమోనని ఆవిడ అనుమానం.

"అంటే మళ్ళీ పని చెప్పాలంటారు" అన్నాడు యలమంద.

"అట్లా చెయ్యమని నేను అనటం లేదండీ. ఇది వేలమంది సగటు. మీ ఇంట్లో సంగతి వేరుగా ఉండొచ్చు."

ఆ రెండో ముక్క యలమంద వినలేదు. కొట్టువాడు ఫలానా చేలో ఫలానా మందుకి పురుగు పోయిందంటే, తన చేలో ఉన్నది ఆ పురుగో కాదో చూసుకోకుండా డబ్బా కొనుక్కొచ్చే మనిషి. ఇదీ అట్టాగే కొనుక్కొచ్చాడు.

ఇంటికి రాగానే, "నాయనా, ఈ ఏడు నీ వాటా నువ్వే చూసుకో" అన్నాడు. అతని ఉద్దేశం, ముసలాయన గట్టు మీద కుర్చీ వేసుకుని కూలీల మీద నాలుగు కేకలు వేసి సాయంత్రానికి ఇల్లు చేరతాడని.

బాపయ్య మంచం మీద నుంచి లేచాడు. మోకాలు పట్టేసినా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. "మాటేగా?" అన్నాడు.

"మాటే."

మర్నాడు ముసలాయన సుభానీ ఇంటికి పోయాడు. చుట్టుపక్కల అంతటా ఇంకా ఎడ్లజత ఉన్నది సుభానీకొక్కడికే. వారం తిరగకుండా నాయన వాటాలో అచ్చు తిరిగింది. ఎడ్లు సుభానీవి, మేడి ముసలాయన చేతిలో. యలమంద గట్టు మీద నిలబడి చూశాడు. ఈసారి ఎవరేమన్నా అననీ, మెట్టు పెరిగితే చాలనుకున్నాడు.

మధ్యాహ్నం రాజ్యం అన్నం వడ్డించి కూర్చుంది. మావగారు రాలేదు. చూసి రమ్మంటే యలమంద చేనుకి పోయాడు. మోటారు షెడ్డు ముందు మూడు రాళ్ళు పెట్టి, పత్తికట్టె మంట వేసి బాపయ్య అన్నం వండుకుంటున్నాడు. సుభానీ ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"ఏంది నాయనా ఇది?"

"కూడు."

"ఇంట్లో వండి పెట్టి కూర్చుంటే?"

"వాటా నేను చేసుకుంటా, కూడు నువ్వు పెడతావా?" అన్నాడు బాపయ్య. "ఎవడన్నా వింటే నవ్వుతాడు. చేసుకునేవాడే పెట్టాలి. ఇప్పుడు చేసుకునేది నేను. నీ కూడు ఊరికే తినటానికి నేనేమన్నా దిక్కులేనోణ్ణా?"

"నేను పైపైన చూసుకోమన్నాను నాయనా!"

"పైపైన చూసేది టీవీ."

సుభానీ నవ్వు ఆపుకోలేక ఉల్లిపాయ ఘాటని కళ్ళు తుడుచుకున్నాడు. "అన్నా, కోపం చేసుకోబాక. బాబాయి ఎట్టా వండుతాడో చూద్దామని ఆగా" అన్నాడు.

ముసలాయన ఆ సాయంత్రమే మంచం కూడా షెడ్డులోకి వేయించుకున్నాడు. కూలరు వద్దన్నాడు. కట్టుడు పళ్ళు వసారా గూట్లో వదిలేశాడు.

ఇక ఊరు ఊరుకుంటుందా? "ఏరా యలమందా, పెద్దాయన్ని షెడ్డులోకి తోలావంటగా? రాజ్యం కొట్టిందా ఏందిరా?" అన్నాడు అంకమ్మరావు, బంకు దగ్గర పదిమందిలో.

"ఒరేయ్, నీ నోరు పడ! ఆ రోజు అచ్చు తోలుతుంటే తప్పన్నది నువ్వు కాదంట్రా?"

"తోలనివ్వటం వేరు, తోలేయటం వేరు గదరా" అన్నాడు అంకమ్మరావు. అందరూ నవ్వారు. యలమంద టీ తాగకుండానే బండెక్కాడు.

ఇంటికొస్తే రాజ్యం గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడకి అప్పటికే తట్టింది. "నవ్వితే నవ్వనీలే. కూడు మనం పెట్టకపోతే వాటా మనదెట్టా అవుద్ది? దాని సంగతి ఆలోచించావా?"

యలమంద ఆలోచించలేదు. మెట్ల గోలలో పడి కాళ్ళ కింద నేల సంగతే మరిచిపోయాడు. బోరు కళ్ళ ముందు మెదిలింది.

"క్యారేజీ కడతా. రెండు పూటలా పట్టుకెళ్ళు. ఆయన తింటే చాలు, మనం పెట్టినట్టే" అంది రాజ్యం.

గిన్నెల క్యారేజీ బండి హ్యాండిలుకి తగిలించుకుని చేనుకి పోయాడు. వంకాయ కూర, పప్పుచారు, గడ్డ పెరుగు. బాపయ్య వద్దనలేదు. "అమ్మాయి పంపిందా? అక్కడ పెట్టు" అన్నాడు. యలమంద సంతోషంగా తిరిగొచ్చాడు. సాయంత్రం సుభానీ క్యారేజీ తెచ్చిచ్చాడు. రాజ్యం మూత తీసి చూసింది. గిన్నెలు శుభ్రంగా తోమి ఉన్నాయి. పై గిన్నెలో దోసకాయ పచ్చడి, కింద గిన్నెలో గోంగూర.

రాజ్యం అక్కడే గడప మీద కూలబడింది.

"ఏందే? మంచిదేగా" అన్నాడు యలమంద.

"మంచిదా? ఇరుగింటివాళ్ళు కూర పంపితే మనం గిన్నె ఉత్తది పంపుతామా? ఏదో ఒకటి వేసి పంపుతాం. మావయ్య మనల్ని ఇరుగింటివాళ్ళ కింద కట్టేశాడయ్యా."

మర్నాడు పప్పు పోతే మునక్కాడల పులుసు వచ్చింది. పులిహోర పోతే ఉడకబెట్టిన వేరుశనక్కాయలొచ్చాయి. యలమంద ఒకపూట క్యారేజీ ఇవ్వకుండా అక్కడే కూర్చుని, నా ఎదురుగా తినమని పంతం పట్టాడు. ముసలాయన తను వండిందీ అదీ కలిపి రెండు విస్తళ్ళలో వడ్డించాడు. "నువ్వూ తిను. నా ఇంటికొచ్చి ఆకలితో పోతావా?" అన్నాడు. పంపకమప్పుడు పెద్దమనిషిగా కూర్చున్న బుడే అనే ఆయన అప్పుడే గట్టు మీదుగా పోతూ ఇదంతా చూసి, "తండ్రింట్లో భోజనమా యలమందా!" అని పలకరించిపోయాడు. యలమంద చేతిలో ముద్ద విస్తట్లోనే వదిలేశాడు.

నీళ్ళ దగ్గరా అంతే అయింది. బాపయ్య ఆపలేదు గానీ వంతు పెట్టాడు. ముందు తన చేను తడవాలి, తర్వాతే కొడుకుది. ముసలాయన సేద్యం ఏమంత గొప్పగా లేదు కూడా. వెనకటి కాలం ఎడం పెట్టి మొక్క పలచగా నాటాడు. తామరపురుగు పడితే మందు కొట్టటం ఆలస్యం చేశాడు. దిగుబడి యలమంద చేలో కన్నా తక్కువే వచ్చింది, తెల్లబారిన తాలుకాయ ఎక్కువే వచ్చింది. అది చూసైనా మళ్ళీ తనకప్పగిస్తాడని యలమంద ఆశపడ్డాడు. ముసలాయనకి ఆ దిగులే లేదు. కల్లంలో కాయ తిరగతిప్పుతూ, తాలు ఏరే కూలి ఆడవాళ్ళతో పరాచికాలాడుతూ తిరిగాడు. మంచం పట్టె కొట్టే ఆ వేళ్ళు ఇప్పుడు ఊరుకున్నాయి. ఆ చప్పుడు తన చెవుల్లోకి వచ్చి కూర్చుందనిపించేది యలమందకి.

మాఘమాసంలో ఒక పొద్దున వీరాంజనేయులు నరసరావుపేట నుంచి కారులో వచ్చాడు. నాయన్ని ఎక్కించుకుని వినుకొండ వైపు పోయాడు. యలమందకి కబురు చేరేసరికి వాళ్ళు తిరిగొచ్చేశారు. అతను కల్లంలోకి పోయేసరికి తమ్ముడు లేడు, నాయన ఒక్కడే టార్పాలిన్ పట్టా మీద కాయ సర్దుతున్నాడు.

"రిజిస్ట్రారాఫీసుకి పోయావంటగా?"

"పోయా. నీకూ కబురు పెట్టమన్నా. చిన్నోడు పెట్టలేదా?"

"ఏం రాశావు నాయనా?"

"ఉన్నన్నాళ్ళూ నేను చేసుకుంటా. పోయాక ఇద్దరికీ చెరిసగం. ఏ మూల ఎవరిదో తేలక రేపు మీరు కొట్టుకోకుండా ఉంటారని ఇప్పుడే రాసేశా. పడమటి సగం నీకు, తూర్పు సగం చిన్నోడికి."

బోరు తూర్పు సగంలో ఉంది. యలమంద పట్టా అంచు తొక్కి ముందుకొచ్చాడు. "ఇన్నేళ్ళు కూడు పెట్టింది నేను. వాడేం పెట్టాడు? ఒక్క పూట పెట్టాడా?"

"పెట్టావు. ఎవరు కాదన్నారు? పెట్టినన్నాళ్ళూ చేసుకున్నావు గదరా. చెల్లుకి చెల్లు. కడదాకా పెట్టినోడికేగా వాటా? కడదాకా ఎవడూ పెట్టేట్టు లేడు, నాకు నేనే పెట్టుకుంటన్నా. ఎవడూ పెట్టని ముసలోడి వాటా కొడుకులకి సమానమేరా. మీ తాతప్పుడూ అంతే."

"నీకు వద్దన్నానా నేను? రోజూ క్యారేజీ తేలేదా?"

"తెచ్చావు. నేనూ పంపాను."

"ఇంటికి రా నాయనా. కాళ్ళు పట్టుకుంటా. ఈ రోజు నుంచే ఇంటికొచ్చి తిను. వాడికి చెప్పి ఆ కాగితం రద్దు చేయిద్దాం."

బాపయ్య నడుం నిటారుగా చేసి కొడుకు వంక చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అదే యలమందకి భరించరానిదిగా ఉంది. "వస్తే మళ్ళీ చేను నీకివ్వాలి గదరా" అన్నాడు. "అది నావల్ల కాదు." వంగి కాయ సర్దుకున్నాడు.

ఆ మాసం చివర్న జ్యోతిర్మయి మూడోసారి వచ్చింది. వసారాలో చూసి, షెడ్డు దగ్గరికి నడిచి వెళ్ళింది. యలమంద దూరం నుంచి చూశాడు. నాయన నిచ్చెన మీద వేలు పెట్టటానికి మోచెయ్యి బాగా పైకెత్తాల్సి వచ్చింది. ఆవిడ ఏదో అంది, ముసలాయన బోసినోటితో నవ్వాడు.

ఆవిడ తిరిగొచ్చి వసారాలో కుర్చీ లాక్కుంది. "యలమందగారూ, ఈ ఏడు మీకు యాభై నిండాయి. ఇక నుంచి మిమ్మల్ని కూడా అడగాలి. మీకిష్టమైతేనే."

"అడగండి. మీరు అడిగిందానికేగా మా ఇంట్లో ఇంత జరిగింది."

ఆవిడ తల దించుకుంది. "విన్నాను. చెయ్యమని మాత్రం నేను చెప్పలేదండీ."

"చెప్పలేదు. పని ఎప్పుడు మానేశారు అని అడిగారు. ఆ మాట ఈ ఊళ్ళో అంతకుముందు ఎవడూ అడగలేదు" అన్నాడు యలమంద. లేచాడు, కూర్చున్నాడు. రాజ్యం లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చి ఆవిడ ముందు పెట్టి, మొగుడి మొహం చూసి అక్కడే నిలబడిపోయింది.

జ్యోతిర్మయి ఆరోగ్యం అడిగింది. నిద్ర పడుతుందా అని అడిగింది. లేదన్నాడు. ఇంకా ఎన్నాళ్ళు సేద్యం చేద్దామనుకుంటున్నారని అడిగితే, నీళ్ళున్నన్నాళ్ళు అన్నాడు. ఆవిడ వేలితో ట్యాబు తెర జరిపింది.

"పోయిన ఏడాది కాలంలో భూమి గానీ, ఇంకేదైనా ఆస్తి గానీ మీ చెయ్యి దాటి పోయిందా?"

"పోయింది."

"ఎంత?"

"నాయన వాటాలో సగానికి సగం పోయింది. నల్లరేగడి, బోరున్న చెక్క. రాసుకోండి మేడమ్" అన్నాడు యలమంద. "ఎనభై మూడు సెంట్లు."